నాచు కలిపిన శనగనూనె

"సముద్రం యాడో ఉండాది, మనం ఈడ కొండకింద ఉండాం. నీకెందుకమ్మా ఈ నాచు?" అన్నారు మా ప్రొఫెసరుగారు. ఎనభైల మొదట్లో తిరుపతిలో నేను పరిశోధనకు చేరిన కొత్త. రోజంతా ఎండలో, ఉప్పునీటిలో ఉండే మొక్క పాడవకుండా నిలుస్తోందంటే, దాన్ని కాపాడే పదార్థమేదో లోపల ఉండాలన్నాను. అది శనగనూనె కంపెక్కకుండా కూడా కాపాడుతుందేమో చూస్తానన్నాను.

మద్రాసు రైలెక్కి, ఆ పైన రాళ్ల తీరానికి వెళ్లి, గోధుమరంగు నాచును తడి గోనెసంచిలో తెచ్చాను. రేణిగుంటలో బస్సెక్కితే ఆ వాసనకు పక్కసీటావిడ లేచి వెనక్కి వెళ్లిపోయింది. మాది గుడి సేవలో ఉన్న ఇల్లు. నాయన గుమ్మంలోనే ఆపాడు.

"చేపలు తెచ్చినావా ఏమి?"

"చేపలు కాదు నాయనా, సముద్రంలో మొలిచే మొక్క."

ఆయన ఒక తునక వేళ్లతో విప్పి చూసి, ఆరబెట్టడానికి పాత పంచె తెచ్చి మిద్దెమీద పరిచాడు.

మొదటిసారి ఓడిపోయాను. నాచు సారం కలిపిన నూనె, కలపని నూనె రెండూ ఒకేలా కంపుకొట్టాయి. మిద్దెమీది ఎండకు నాచు వెలిసిపోయి, దానిలోని గుణం పోయిందని అప్పుడు గుర్తించాను. మళ్లీ తీరానికి వెళ్లాను. ఈసారి నీడలో ఆరబెట్టి, పొయ్యి ఎక్కించకుండా ఆల్కహాలులో నానబెట్టి సారం తీశాను. నూనె త్వరగా చెడేట్టు రెండు సీసాలనూ ల్యాబులోని వేడిపెట్టెలో ఉంచాను. కొన్ని వారాలకు ఏమీ కలపనిది పాడైంది. నాచు సారం కలిపింది కమ్మగానే ఉంది.

ప్రొఫెసరుగారు నమ్మలేదు. "కొత్త నూనె పోసినావేమో" అన్నారు. గానుగ నుంచి ఆయనే నూనె తెప్పించి, ఆయనే రెండు సీసాల్లో పోసి, ఒకదానిలో నా సారం కలిపి, వేడిపెట్టె గదికి తాళం వేసుకున్నారు.

గడువు తీరాక ఇద్దరం కలిసే పరీక్ష చేశాం. నూనె చెడినకొద్దీ, దానిలో రసాయనాలు కలిపితే ఫ్లాస్కులో నీలిరంగు చిక్కబడుతుంది. దాన్ని పోగొట్టడానికి అంత ఎక్కువ మందు చుక్కలు పట్టాలి. ఉత్త నూనెకు చుక్క వెనక చుక్క పడుతూనే ఉన్నా నీలం పోలేదు. నాచు కలిపిన నూనెకు నాలుగు చుక్కలు పడ్డాయో లేదో, ఫ్లాస్కు తేటబడింది.

"అబ్బా!" అన్నారాయన. సీసా పట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. "రాండప్పా, వాసన సూడండి! మా పాప సాధించింది!"

ఎదురైన ప్రతివాళ్ల ముక్కుకింద ఆ సీసా పెట్టారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ వేసవి సెలవుల్లో మళ్లీ నాచు కోసం ప్రొఫెసరుగారూ నేనూ తీరానికి బయలుదేరాం. గోనెసంచులు ఆయనే మోశారు.