చిన్నాన్న చేసిన కాలేజీ బేరం

చిన్నాన్న పోయాడని మొన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ ఒక్క మాట పూర్తిగా చెప్పేలోపే లైను తెగిపోయింది. మా పెదబయలు కొండల్లో సిగ్నల్‌కి చావు కబురన్నా లెక్కలేదు. నేనెక్కడో రాయలసీమలో హౌస్ సర్జన్‌ని. సెలవు సంపాదించి, రైలెక్కి, బస్సులు మారి ఇల్లు చేరేసరికి మట్టి చేసేశారు. నన్నింత దూరాన పడేసింది ఎవరయ్యా అంటే, ఆయనే.

మెడికల్ సీటుకి దరఖాస్తు చేయడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుస్తుంది. పరీక్ష రాయడం అందులో సులువైన భాగం. కుల ధ్రువీకరణ పత్రం కొత్తది కావాలంటారు, కొత్తది తెస్తే పాతదేదీ అంటారు. ఓటీపీ కోసం ఫోన్ పట్టుకుని కొండెక్కాలి, దిగేసరికి దాని గడువు అయిపోతుంది. నాన్న లేడు కాబట్టి ఈ తిరుగుడంతా చిన్నాన్నదే. కాఫీ, మిరియాలు సంతలో అమ్ముకునే మనిషి. ప్రతి ఆఫీసు ముందూ చెప్పులు విడిచి లోపలికెళ్లేవాడు. నేను విసుక్కుంటే, "పనున్నోడు బురద కాళ్లతో ఎల్తాడేటి?" అనేవాడు. ఓసారి ఆ చెప్పులు ఎవరో ఎత్తుకుపోయారు కూడా.

కాలేజీల ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజున నాకు మలేరియా. లేవలేక, ఏది ముందో ఏది వెనకో చెప్పి చిన్నాన్నని అరకులో నెట్ సెంటర్‌కి పంపాను. కొండ దిగితే వచ్చే విశాఖ కాలేజీ అన్నిటికన్నా ముందు. ఎవరూ ఎరగని రాయలసీమ కాలేజీ అన్నిటికన్నా అడుగున. నా ర్యాంకుకి గిరిజన కోటాలో విశాఖ ఖాయమని మా లెక్చరరు కూడా చెప్పారు. సాయంత్రం చిన్నాన్న నవ్వుకుంటూ వచ్చి "అయిపోనాది, బేగి లేసి జావ తాగు" అన్నాడు.

సీట్లు ప్రకటించాక తెలిసింది, వరసంతా తిరగేసి పెట్టించాడని.

"ఏటి సేశావు చిన్నాన్నా!" అని ఏడ్చాను.

"సంతలో మంచి సరుకు ముందు సూపిత్తారేటే ఎర్రి గుంటా? ముందు నాసిరకం ఎట్టాల. సావుకారు కాదంటాడు, అప్పుడు అసలైంది తియ్యాల. మొదటిదానికే ఒప్పేసుకుంటారని నానేటి కలగన్నానా?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తెల్లారి చూస్తే ఆయన ఇంట్లో లేడు. సీటు మార్పించుకొస్తానని కౌన్సెలింగ్ ఆఫీసుకి బయల్దేరాడట. జ్వరం పూర్తిగా తగ్గకపోయినా నేనూ వెనకే పోవలసి వచ్చింది. వెళ్లేసరికి కిటికీ దగ్గర నిలబడి బతిమాలుతున్నాడు.

"మీరు మొదట అడిగిందే ఇచ్చాం కదయ్యా. మొదటి ఆప్షన్ వచ్చినవాళ్లకి మార్పు ఉండదు" అంటున్నాడు లోపలి ఉద్యోగి.

"బేరంలో మొదటి మాట ఎవరైనా నిజమనుకుంటారేటి బాబూ?"

వెనక వరసలో అందరూ నవ్వారు. చిన్నాన్న నవ్వలేదు. "తప్పు నాది, గుంటది కాదు. జరిమానా ఏటున్నా నాకెయ్యండి" అన్నాడు. అలాంటి జరిమానా వాళ్ల రూల్సులో లేదు. ఉంటే కట్టేవాడే.

కాలేజీలో చేర్చడానికీ ఆయనే వచ్చాడు. ఆ తర్వాత మళ్లీ రాలేకపోయాడు, ముందు పంట పోయింది, తర్వాత ఊపిరి. ఆయన మీద నా కోపం చాలా కాలం ఉంది. ఇప్పుడు కూడా, ఆఖరి చూపు దక్కనందుకు, కోపంగానే ఉంది. ఆయన్ని ఎంత ప్రేమించానో అంత కోపంగా ఉంది.

చేర్చిన రోజు, కొండమీద చలికి వేసుకున్న స్వెటర్ ఆ మండుటెండలోనూ విప్పలేదు. లోపలి చొక్కా చిరిగిందట. నన్ను హాస్టల్లో దింపి, గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగాడు.

"బాబూ, ఈ ఊరి సంత ఏ వారం?"

"సంత యాడిది పెద్దాయనా, మార్కెట్టు దినామూ ఉంటాది."

చిన్నాన్న మొహం వెలిగిపోయింది. "రోజూనా! ఇంకేటే గుంటా, మిరియాలు అట్టుకుని ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడొచ్చేత్తాను" అన్నాడు. అని, చెమటలు కారుతున్న స్వెటర్‌తోనే, ఇక్కడ మిరియాల ధర ఎంతుందో కనుక్కోవడానికి మార్కెట్టు వైపు నడిచాడు.