పొగడ్త లేని సిఫారసు

సిస్టర్ ఖైరున్నీసా గారు ఇక లేరు. ఒమాన్‌లోని ఈ సీబ్‌లోనూ చుట్టుపక్కల కూలీల క్యాంపుల్లోనూ 'ఆపా', అంటే ఉర్దూలో అక్క, అంటే ఆమె ఒక్కతే. ఈ దుర్వార్తను చాలామందికి ఫోన్లో చెప్పవలసిన బాధ్యత నా మీద పడింది. చెప్పిన ప్రతిసారీ నాకే కొత్తగా తగిలింది. "ఊరికే అనకు, మొన్న శుక్రవారం నన్ను తిట్టి పంపింది గదా" అని నా మీద కోప్పడినవాళ్ళున్నారు. ఆపా తిట్టిందంటే ఆరోగ్యంగా ఉన్నట్టే అని అందరి లెక్క. నా లెక్కా అదే.

శోకం లేదని కాదు. కానీ ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే కన్నీటికంటే ముందు 'అమ్మయ్య' అన్న మాటే నోటికి వస్తోంది. చదివేవాళ్ళు తప్పుపట్టినా సరే. ఆజన్మాంతం పరుల దేహాలకు శుశ్రూష చేసిన ఆ మనిషికి, తాను మంచాన పడి ఒకరి చేత చేయించుకోవడమంటే మహాభయం. "నా ఈ శరీరాన్ని ఎవురు ఎత్తుతారు బేటీ? మీ ఆయన కంపెనీ నుంచి క్రేను తెప్పియ్యాల" అనేది. ఆ అవసరం రాలేదు. ఒక్క పూట కూడా ఎవరికీ భారం కాలేదు. దేవుడనండి, అల్లా అనండి, ఆ ఒక్క విషయంలో ఆమె మాట విన్నాడు.

ఆపా స్వస్థలం కడప. మద్రాసులో నర్సింగ్ చదివి, అకాల వైధవ్యం ప్రాప్తించాక పసికూతుర్ని తల్లి దగ్గర వదిలి ఒమాన్ వచ్చింది. సీబ్‌లో ఒక ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో సిస్టర్‌గా చేరి, తలనెరిసేదాకా అక్కడే పనిచేసింది. సాధారణంగా ఇలాంటి వ్యాసాల్లో 'శాంతమూర్తి' అని రాస్తారు. ఆపా విషయంలో ఆ మాట రాస్తే ఆ వార్డులో పనిచేసినవాళ్ళంతా పడీపడీ నవ్వుతారు. మంచం మీద ముడతపడ్డ దుప్పటి కనిపిస్తే చాలు, మూడో గదికి వినిపించేలా కేకలేసేది. అయితే ఆ కోపమంతా ఆరోగ్యవంతుల మీదే. రోగి ఎంత విసిగించినా గొంతు పెంచిన పాపాన పోలేదు.

నేను జగిత్యాల దిక్కుదాన్ని. బి.ఎస్సీ. జంతుశాస్త్రం చదివి, పెళ్ళయ్యాక మా ఆయన వెంట ఎనభైల చివర్లో సీబ్ చేరాను. ఆయన ఒక నిర్మాణ కంపెనీలో స్టోర్ కీపర్. ఆయన డ్యూటీకి పోతే నాకు కిటికీలోంచి రోడ్డు చూడటమే డ్యూటీ. ఆపా మా పక్క బిల్డింగులో ఉండేది. ఒకనాడు కూరగాయల దుకాణంలో నా తెలుగు విని పట్టుకుంది. "ఏ ఊరు మీది? కరీంనగర్ పక్కనా? అయితే రేపు పొద్దున మా వార్డుకు రా. మీ జిల్లావాళ్ళు నలుగురు పడుండారు. వాళ్ళకు హిందీ రాదు, నా కడప తెలుగుకు నవ్వుతారు." ఊసుపోక వెళ్ళాను. అంతే, మళ్ళీ ఆ వార్డు నన్ను వదల్లేదు.

అక్కడ ఆపా రోగులను పలకరించే తీరు ఒక విద్య. మన కూలీలకు జబ్బుకంటే 'అన్‌ఫిట్' అన్న ముద్ర అంటే ఎక్కువ భయం. ఆ ముద్ర పడితే వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారని. అందుకే డాక్టరు ఎట్లున్నావంటే చాలు, "మంచిగనే ఉన్న సార్, రేపు సైటుకు పోత" అంటారు. అది విని ఆపా తల ఊపేది కాదు. "రూమ్‌లో నీ మంచం కిందదా, పైదా?" అని అడిగేది. "పైది సిస్టరమ్మా." "మరి మొన్న ఎక్కి పండుకున్నావా?" అతను నేల చూపులు చూసేవాడు. "లేదమ్మా, కిందనే చాప ఏసుకున్న." పై మంచం ఎక్కలేకపోయాడంటే ఇక నొప్పి ఎక్కడో ఆమెకు తెలిసిపోయేది. ఇటు డాక్టరుకు చెప్పి, అటు కంపెనీవాళ్ళకు ఫోన్ చేసి, "మనిషిని బాగుచేసి పంపుతాం, వీసా జోలికి పోవద్దు" అని పోట్లాడేది. ఎన్నిసార్లు నెగ్గిందో నాకు తెలియదు గానీ, పోట్లాట మాత్రం ఎన్నడూ మానలేదు.

నాకు మొదట అంతా కరుణారసమే. ఎవరి పుండు చూసినా కళ్ళనీళ్ళు పెట్టుకునేదాన్ని. "జాలి తర్వాత పడుదువుగానీ, ముందు ఆ దుప్పటి మార్చు" అనేది ఆపా. ఆమె చెప్పిన మాటల్లో దీన్ని మించింది నాకు ఇంకొకటి లేదు.

ఆ తర్వాత ఒక కబురు వచ్చింది. ఆ ఆసుపత్రిలో పనిచేసే ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ, నన్నూ ఆపానూ కూర్చోబెట్టి చెప్పింది. వేరే డిగ్రీ చదివినవాళ్ళను నేరుగా చేర్చుకుని తక్కువ కాలంలో నర్సును చేసే కోర్సు ఒకటి ఇంగ్లండులో ఉందట. ఫీజు విశ్వవిద్యాలయమే భరించే సీట్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. దేశదేశాల నుంచి దరఖాస్తులు పోటెత్తుతాయి. మా ఆయన కాంట్రాక్టు ఆ మరుసటి ఏడాదితో సరి. తర్వాత జగిత్యాలకు పోతే ఈ కబుర్లు చెప్పేవాళ్ళెవరు, చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళెవరు? తగిలితే ఈసారే తగలాలి. నర్సు కావాలన్న కోరిక అంతవరకూ నాలో ఉందని నాకే తెలియదు. తెలిసిన రోజు నుంచి అన్నం సయించలేదు.

ఎందుకు చేరదలచానో వ్యాసం రాయమన్నారు. నేను రెండు రోజులు కూర్చుని దివ్యంగా రాశాను. మాది గౌరవనీయమైన కుటుంబమనీ, నాన్నగారు ఉపాధ్యాయులనీ, మావారు పేరున్న కంపెనీలో ఉన్నారనీ, బావగారు ఇంజనీరనీ, మానవసేవే మాధవసేవనీ! ఆపా కళ్ళజోడు పైకి తోసి చదివింది.

"ఇది ఎవురికి పంపుతాండావు?"

"యూనివర్సిటీకి ఆపా."

"నేను పెండ్లి సంబంధానికేమో అనుకుంటి. మీ బావ ఇంజనీరైతే వాళ్ళకేమి? నువ్వు ఎవురి మూత్రం గిన్నైనా ఎత్తినావా? ఎత్తినావు గదా. అది రాయి."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా రాశాను.

ఆ తర్వాత సిఫారసు ఉత్తరం. ముద్ర లేని కాగితం ఈ దేశంలో గుమ్మం దాటదని మావాళ్ళందరి విశ్వాసం. మా ఆయన కాళ్ళరిగేలా తిరిగి, కంపెనీ యజమాని అయిన పెద్ద అర్బాబ్ చేత అరబ్బీలో ఉత్తరం, దాని కింద అరచేయంత ముద్ర సంపాదించుకొచ్చాడు. "ఇగ నీ సీటు ఎటూ పోదు" అని గుండెమీద చెయ్యేసుకున్నాడు. ఆపా ఆ ఉత్తరాన్ని ముట్టుకోను కూడా లేదు.

"ఆయప్ప నిన్ను ఎప్పుడైనా చూసినాడా?"

"లేదు ఆపా."

"మరి నువ్వు మంచిదానివని ఆయప్పకు ఎట్ల తెలుసు? సిఫారసు నేను రాస్తా పో."

రాసింది. రాసి, దాపరికం లేకుండా నాకు తెలుగులో చదివి వినిపించింది. నాకు కాళ్ళకింద భూమి కదిలిపోయింది. 'ఈమె వచ్చిన మొదటి వారంలో, కాలిన పుండుకు కట్టు విప్పుతుండగా వాంతి చేసుకుని పారిపోయింది. మరుసటి పొద్దున ఎవరూ పిలవకుండానే వచ్చింది. ఏడుపు త్వరగా వస్తుంది, కానీ పని ఆపదు. డాక్టర్లతో వాదిస్తుంది, ఆ అలవాటు మీరు కొంచెం తగ్గించాలి, పూర్తిగా వద్దు.' ఇదీ వరస!

"ఆపా, నీ కాళ్ళు మొక్కుత. ఆ వాంతి మాట జర తీసెయ్" అని బతిమాలాను.

"తీయను."

"నా సీటు పోతది ఆపా!"

"పోతే పోనీ. అబద్ధమైతే చెప్పు, ఇప్పుడే చింపేస్తా."

అబద్ధం కాదే! వార్డులో అందరూ చూశారు. మా ఆయన మండిపడ్డాడు. "మంచిదని నాలుగు ముక్కలు రాస్తే ఆమె సొమ్మేం పోతది?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. మనలో సిఫారసు అంటే పొగడ్తే కదా. తప్పులు రాయడమంటే శత్రుత్వమే. ఆపాతో కొన్నాళ్ళు మాట్లాడటం మానేశాను, వార్డు పని మాత్రం మానలేదు. ఆమె కూడా ఏమీ ఎరగనట్టే, "ఏమ్మా, ఆ బేసిన్ అందుకో" అంటూ పనులు చెబుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఇంగ్లండు నుంచి ఇంటర్వ్యూ ఫోను వచ్చింది. ఆపా వార్డులోని తన గది నాకు వదిలి, లోపలికి ఎవరూ రాకుండా తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. అవతల ఒకావిడ గొంతు, తాపీగా అడిగింది: "మీ సిస్టర్ రాసిన దాంట్లో ఒక విషయం అడగాలని ఉంది. ఆ రోజు పారిపోయారు. మళ్ళీ ఎందుకు వచ్చారు?"

నేను బట్టీపట్టిన ప్రసంగం ఎక్కడికి ఎగిరిపోయిందో! వచ్చిన ఇంగ్లీషులో జరిగింది చెప్పాను. వేడి తారు ఒలికి కాళ్ళు కాలిన మనిషతను, మా జిల్లావాడే. నేను నోటికి కొంగడ్డం పెట్టుకుని పరుగెత్తుతుంటే వెనక నుంచి అతని మాట వినిపించింది. "అయ్యో, నా వాసనకు ఆ బిడ్డకు పానం ఎట్లనో అయింది. ఏమనుకోవద్దని చెప్పు సిస్టరమ్మా." కాలింది అతనికి, సిగ్గుపడిందీ అతనే. ఆ సిగ్గు నావల్ల వచ్చింది గనుక నేనే తీసెయ్యాలనిపించింది. మరుసటి రోజు కట్టు పూర్తయ్యేదాకా అతని పక్కనే నిలబడి, వాళ్ళ ఊరి ముచ్చట్లు మాట్లాడాను. మొహంలో మాత్రం ఏదీ కనబడనివ్వలేదు. ఇదంతా చెప్పి ఊరుకున్నాను. అవతల ఆమె మెల్లగా థాంక్యూ అంది.

కొన్ని వారాలకు సీటు వచ్చిందని ఫ్యాక్స్ వచ్చింది. అబ్బ! ఆ రోజు నా గుండెల మీద నుంచి దిగిన బరువు ఇంతా అంతా కాదు. వార్డుకు పరుగెత్తి ఆపాను వాటేసుకున్నాను. ఆమె నన్ను విడిపించుకుంటూ, "సరే సరే. మంచి బూట్లు కొనుక్కో. పాదాలు వాస్తాయి" అంది. అంత కఠినంగా ఎందుకు రాశావని అప్పుడడిగాను. "అందరూ మంచిదనే రాస్తారు బేటీ. అందరూ మంచోళ్ళే అయితే వాళ్ళు ఎవుర్ని ఏరుకోవాల? నిన్ను ఎట్లుండావో అట్లే చూపిస్తి. నువ్వు చాలవని నాకు అనిపించి ఉంటే అసలు రాసేదాన్నే కాదు." ఆ మాటకంటే గొప్ప బిరుదు నాకు ఈ జన్మలో ఇంకెవరూ ఇవ్వరు. మా ఆయన మరునాడు ఖర్జూరాల డబ్బా పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. క్షమాపణ అనే మాట ఆయన నోట రాలేదు, ఆపా అడగనూ లేదు.

చదువు ముగించుకుని వచ్చి, అదృష్టవశాత్తూ ఆ ఆసుపత్రిలోనే అత్యవసర విభాగంలో చేరాను. అప్పటికి ఆపా ఉద్యోగ విరమణ చేసి పెళ్ళయ్యాక సీబ్‌కే వచ్చిన కూతురు నస్రీన్ ఇంట్లో ఉంటోంది. అయినా వారానికోసారి వచ్చి మా దుప్పట్లు తనిఖీ చేసేది.

ఆ రోజు పొద్దున ఛాతీలో బరువుగా ఉందంటే నస్రీన్, ఆమె భర్త కారులో తీసుకొచ్చారు. వీల్‌చైర్ తెస్తే వద్దని తనే నడిచి వచ్చింది, దారి పొడుగునా అల్లుడి డ్రైవింగును తిడుతూ. డాక్టరు చూస్తున్నాడు. నేను చేతికి సూది పెట్టాను. కాసేపు బాగానే మాట్లాడింది. నొప్పి ఉందా అంటే, "ఉండింది, ఇప్పుడు తగ్గింది" అంది. అది నిజమేనని మొహం చూస్తే తెలిసింది. తర్వాత కళ్ళు మూసుకుంది, ఉన్నట్టుండి గుండె ఆగింది. బంధువులంతా బయటికి వెళ్ళాలని డాక్టరు గట్టిగా అన్నాడు. ఏడుస్తున్న నస్రీన్‌ను ఆమె భర్త పట్టుకుని బయటికి నడిపించాడు. వాళ్ళ వెనకే నేనూ తలుపు వైపు నాలుగడుగులు వేశాను. నేనూ బంధువునే కదా!

"సిస్టర్, మీరెక్కడికి? మీరు ఇక్కడుండాలి" అన్నాడు డాక్టరు.

వెనక్కి వచ్చాను. మేము చేయవలసిందంతా చేశాం. గుండె తిరిగి కొట్టుకోలేదు. గొట్టాలు, సూదీ తీసేశాను, మొహం తుడిచాను, దుపట్టా తలమీదకు సర్దాను. ఆపా చెయ్యి నా చేతిలోనే ఉంది. దుఃఖానికి కొదవలేదు, ఆ స్థానం భర్తీ చేయగల మనిషి ఈ గడ్డ మీద మళ్ళీ పుట్టదు. కానీ ఆ సీటు నాకు దక్కకపోయి ఉంటే, ఆ పొద్దున నేను తలుపు అవతల నిలబడి ఉండేదాన్ని. అమ్మయ్య, లోపలే ఉన్నాను.