సందులో పెట్టిన ఏసీ

కోవిల్‌పట్టిలో పంచవర్ణంతో గొడవ పడని మనిషి ఉన్నాడంటే వాడు ఆ ఊరికి నిన్నో మొన్నో వచ్చినవాడై ఉండాలి. పాలవాడు ఆమె గిన్నెలో పాలు పోశాక నురుగు దిగేదాకా కదలకూడదు. దర్జీ ఆమె రవికె కుట్టి ఇచ్చే రోజు తమ్ముణ్ణి కొట్లో కూర్చోబెట్టి తాను టీకి వెళ్ళిపోతాడు. ఇక భర్త కృష్ణసామి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతాడు. ఆమె ముందు ఏ భాషా మాట్లాడడు.

అంత నోరున్న మనిషిని ఒక్క ఫోను కట్టిపడేసింది. కూతురు ఆర్తికి ఏడో నెల. వళైకాప్పు నాడు చేతుల నిండా గాజులు తొడిగి పిల్లను పుట్టింటికి తెచ్చుకోవాలి, తొలి కాన్పు తల్లి దగ్గరే జరగాలి. సరిగ్గా ఆ సమయానికి విరుదునగర్ నుంచి వియ్యపురాలు వీరమ్మాళ్ తీయగా మొదలుపెట్టింది.

"తప్పుగా ఎంచొద్దు సమ్మందీ. గాజులు మీరే వెయ్యండి, వద్దనలే. పిల్ల మాత్రం ఈడనే ఉండనీ. ఏసీలో పడుకొని అలవాటాయె. మీ ఊరి వెయిల్లో, ఆ పెంకుటింట్లో, కడుపుతో ఉండే పిల్ల ఎట్ల తాళును?"

"కోవిల్‌పట్టిలో ఎండా, విరుదునగర్లో వెన్నెలా?" అని పంచవర్ణం ఫోను పెట్టేశాక ఇల్లెగిరిపోయేలా అరిచింది. అరిచాక దిగులు పట్టుకుంది. పుట్టింటికి గతిలేదని నలుగురూ నవ్వడం ఒక ఎత్తు. ఈ మధ్య ఫోనులో ఆర్తి గొంతు చిక్కిపోయినట్టు వినిపించడం ఇంకో ఎత్తు. ఏం చేసైనా సరే, పిల్లను ఆ ఇంట్లోంచి తెచ్చుకోవాలి. మర్నాడే కృష్ణసామిని వెంటబెట్టుకుని వెళ్ళి ఏసీ కొనేసింది.

బిగించడానికి వచ్చిన ఇసక్కిముత్తు ఇల్లంతా తిరిగి చూసి పెదవి విరిచాడు. నడిగదిలో లోపలి పెట్టె తగిలించడం కష్టం కాదు, బయటి పెట్టెకే చోటు లేదు. పైన చూస్తే పెంకులు. ఒక పక్క గోడ పొరుగింటితో ఉమ్మడి. వీధివైపు పెడదామంటే గొట్టం మరీ పొడుగవుతుంది, చల్లదనం సరిగా రాదు. ఇక మిగిలింది రెండో పక్కన ఉన్న సందు. నల్లరేగడి నేల కదిలి ఆ గోడ నిలువునా బీటలిచ్చింది కాబట్టి, కింద ఇనుప స్టాండు వేసి దానిమీద నిలబెట్టాలన్నాడు.

సందు మాట వినగానే కృష్ణసామి పెంకులు లెక్కపెట్టసాగాడు.

ఆ సందుకు అవతల ఉన్నది అతని అన్న నల్లసామి ఇల్లు. రెండిళ్ళకూ గాలి వచ్చే దారి అదొక్కటే కాబట్టి, ఒకరిని అడగకుండా ఇంకొకరు అందులో చీపురుకట్ట కూడా ఆనించకూడదని భాగాలు పంచిననాడు పెద్దలు చెప్పారు. అడగాలంటే తోడికోడలు సీనియమ్మాళ్‌ను అడగాలి. ఆమెతో పంచవర్ణానికి మూడేళ్ళుగా మాటల్లేవు. ఆర్తి నిశ్చితార్థం రోజున పదిమందిలో సీనియమ్మాళ్ అన్న మాట అలాంటిది మరి: "ఆ ఇంట్లో చెంబు నీళ్ళు కూడా కొలిచి పోస్తారు. పిల్లని ఆడ ఇయ్యొద్దు."

కళ్ళలో నిప్పులు పోసుకుందని పంచవర్ణం ఆమెను పెళ్ళికే పిలవలేదు. మళ్ళీ దాన్ని అక్కా అని పిలిస్తే నా నాలుక తెగిపోనీ అని ఒట్టు కూడా పెట్టుకుంది.

ఇప్పుడు ఆ నాలుకనే వెంటబెట్టుకుని ఆ వాకిట్లోకి వెళ్ళి నిలబడింది.

"ఇంట్లో ఎవరు?"

లోపల చాటలో మినుములు చెరిగే చప్పుడు తప్ప జవాబు లేదు.

"సీనియమ్మా!"

చాట చప్పుడు ఇంకా పెరిగింది.

పంచవర్ణం వేపకాయ నమిలినట్టు మొహం పెట్టి, "అక్కా," అంది.

చాట ఆగింది. "ఎవరది? నాకు చెవి మందమాయె. బిగ్గరగా పిలువు."

"అక్కా!" అన్న కేకకు వీధి చివర కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళంతా తలలు తిప్పారు.

సీనియమ్మాళ్ తీరిగ్గా వచ్చి గడపకు ఆనుకుని నిలబడి, విషయమంతా చెప్పించుకుంది. "మిషను వేడంతా నా వంటింటి కిటికీలోకిగదా ఊదును?"

"ఆమా, ఊదును."

"సరి, పెట్టుకో. అయితే ఒకటి. పెండ్లికి నన్ను పిలవకపోతివి. పిల్లకి మొదటి గాజు పెద్దమ్మని నేను వెయ్యాల."

పంచవర్ణం లోపల్లోపల ఆమెకు ఏడు తరాల శాపాలు పెట్టి, పైకి తల ఊపింది.

ఆ కోపమంతా ఇసక్కిముత్తు మీద తీర్చుకుంది. గోడకు రంధ్రం వేస్తుంటే దుమ్మని తిట్టింది, నీళ్ళ గొట్టం వాలు సరిగ్గా లేదని రెండుసార్లు విప్పించింది. సాయంత్రానికి గది చల్లబడింది. వెంటనే ఫోను తీసింది.

"ఏసీ పెట్టేసినాం సమ్మందీ. ఇంగ ఏమన్నా కావాలా?"

వీరమ్మాళ్ వేరే సాకు దొరక్క పిల్లను పంపడానికి ఒప్పుకుంది.

వళైకాప్పు నాడు గాజులు, పూలు, వేరుశనగల కడలమిఠాయి పొట్లాలు వ్యానులో పెట్టుకుని విరుదునగర్ వెళ్ళారు. వేడుక మొదలవకముందే బట్టలు సర్దుదామని పంచవర్ణం కూతురి గదిలోకి వెళ్ళింది. అల్లుడి వాళ్ళది మిరపకాయల వ్యాపారం. వంటింటి వెనకున్న ఆ గదిలో సగం దాకా మిరపకాయల మూటలే. ఘాటుకు ఆమెకు దగ్గు ఆగలేదు. ఒక మూల టేబుల్ ఫ్యాను ఆ ఘాటునే అటూ ఇటూ తిప్పుతోంది.

"ఏసీ ఏదే?"

"అది అత్త రూములో ఉండాదిమా."

"నీకు ఏసీలో పడుకొని అలవాటని గదనే ఆయమ్మ చెప్పింది!"

"నేనెప్పుడు చెప్పినా? అత్త చెప్పింటాది."

"ఇట్ల ఉండాదని నాకు ఒక మాట చెప్పకూడదా?"

ఆర్తి చీర మడతపెడుతూ తల ఎత్తకుండా అంది. "చెప్తే నీవు ఊరుకుందువా? వచ్చి కొట్లాడిపోదువు. ఆ మీదట ఈడ ఉండాల్సింది నేనుగదా."

పంచవర్ణం వెనక్కి తిరిగితే గుమ్మంలో గాజుల పళ్ళెం పట్టుకుని సీనియమ్మాళ్ నిలబడి ఉంది. అంతా వినేసింది. ఇక అంటుంది, ఇప్పుడే అంటుంది అని పంచవర్ణం కాచుకుంది. సీనియమ్మాళ్ ఏమీ అనలేదు. ఆర్తిని చేయి పట్టి తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టి మొదటి గాజు తొడిగింది. పక్కనే పట్టుచీరలో మెరిసిపోతున్న వీరమ్మాళ్‌ను చూసి పంచవర్ణం పళ్ళు కొరుక్కుంది. ఆ గొంతు పట్టుకోవాలని చేతులు లాగాయి. రేపు కాన్పయ్యాక పిల్ల మళ్ళీ వచ్చేది ఈ ఇంటికే కదా. జీవితంలో మొదటిసారి గొడవ మింగేసింది. తిరుగు దారిలో వ్యానులో సీనియమ్మాళ్ కిటికీలోంచి చూస్తూనే కూర్చుంది, నోరు విప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆర్తి నడిగదిలో ముడుచుకుని పడుకుంది. "చలేస్తాదిమా, ఆపు."

పంచవర్ణం ఆపింది. సందులో పెట్టె చప్పుడు ఆగిందో లేదో, అవతలి కిటికీలోంచి గొంతు లేచింది.

"ఏమే, మిషను ఎందుకు ఆపితివి? నాకు వేడి తగులునని ఆపితివా? నీ దయ నాకేమీ వద్దు. పిల్లకి వెయ్యి!"

పంచవర్ణం ఒక్క అంగలో సందులోకి వచ్చింది. "చెప్పేసెయ్! అప్పుడే చెప్పినాగదా అని ఆ ఒక్కమాట చెప్పేసి పో! నిన్నటినుంచి కాచుకొని ఉండాను. ఏమిటికి నోరు మూసుకొని ఉండావు?"

సీనియమ్మాళ్ గరిట చేత్తో పట్టుకుని ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"చెప్పను."

"ఏం?"

"చెప్తే నీవు నాతో కొట్లాడి, ఒక ఏడుపు ఏడ్చి, నిమ్మళంగా పడుకుందువు. చెప్పను పో. చచ్చేదాకా కాచుకొని ఉండు."

కిటికీ రెక్క మూసుకుంది.

 పంచవర్ణం లోపలికి వచ్చి, ఆర్తి మీద రెండో దుప్పటి కప్పి, అవతలి కిటికీ మీదికి వేడి ఊదేలా ఏసీ మళ్ళీ వేసింది.