రుక్మాబాయి కలాకంద్ వద్దన్న సంగతి

ధూల్‌పేట్‌లో నా కిరాణా కొట్టు ముందు బియ్యం బస్తాలు తూచే కాంటా ఉంటుంది. ప్రతి సోమవారం పొద్దున్నే రుక్మాబాయి వచ్చి, చెప్పులు విడిచి దాని మీద నిలబడుతుంది. అంకె నేను చదవాలి, ఆమె వినాలి. రెండేళ్లకు పైగా ఇదే తంతు. తొంభై మూడు కిలోలతో మొదలుపెట్టి డెబ్బై ఒకటికి దిగింది. తగ్గడం ఒక ఎత్తు, ఆ తగ్గినదాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు అని ఆమెను చూశాకే నాకు అర్థమైంది.

ఆమె పని గణపతి బొమ్మలకు కళ్లు దిద్దడం. గుండయ్య కార్ఖానాలో ఒంటికి రంగు ఎవరు వేసినా ఇరవై ఏళ్లుగా కళ్లు మాత్రం ఆమే దిద్దుతుంది. మూడేళ్ల కిందట పన్నెండడుగుల బొమ్మ ముందు పరంజా పలక ఆమె కింద ఫెళ్లున విరిగింది. పడిపోకుండా చేతికందిన తొండం పట్టుకుంది. ఆమెకు ఏమీ కాలేదు గానీ తొండం ఊడి చేతికొచ్చింది.

“పైకి ఎక్కకు అక్కా, నువ్వు కింద చిన్నయి చూస్కో” అన్నాడు గుండయ్య. ఆ సీజనంతా ఆమె అడుగెత్తు బొమ్మల ముందు కూర్చుంది. పైన రంగులు వేసే కుర్రాడు అంజన్ కళ్లు దిద్దుతుంటే తలెత్తి చూసేది. నా కొట్టుకు వచ్చినప్పుడల్లా ఆమె కళ్లు ఎర్రగా ఉండేవి. నాకు జాలేసేది. జాలిపడి ఏం చేసేవాణ్ని? చేతిలో బెల్లం ముక్క పెట్టేవాణ్ని. నా తెలివి అంతవరకే.

పావుకిలో కలాకంద్ కొంటే ఇల్లు చేరేసరికి కాగితం మాత్రమే మిగిల్చే మనిషి, ఆ పండగ వెళ్లాక చాయ్‌లో చక్కెర కూడా మానేసింది. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె తిని, పొద్దున పురానాపూల్ దాకా నడిచి వచ్చేది. మరుసటి ఏడు సీజన్ నాటికి గుండయ్య మారుమాట లేకుండా పరంజా ఎక్కనిచ్చాడు.

అసలు గండం అప్పుడే మొదలైంది. ఆ కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉంది. కళ్లు దిద్దగానే బొమ్మ తీసుకునే మండపంవాళ్లు, దిద్దిన మనిషి నోరు తీపి చేయాలి. సీజన్‌లో రోజుకు నాలుగైదు డబ్బాలు వస్తాయి. లావు తగ్గాలని తినడం లేదంటే మనవాళ్లలో ఒక్కడైనా వింటాడా? “ఒక్కటికేం అయితది!” అంటూ నోటికి అందిస్తారు. అలా ఒక్కొక్కటే తిని నిరుడు ఇరవై రోజుల్లో నాలుగు కిలోలు పెరిగింది. అవి దిగడానికి సంక్రాంతి దాటింది.

అందుకని ఈ ఏడు ఒక అబద్ధం కనిపెట్టింది. “నాకు షుగర్ ఒచ్చింది” అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాటకు డబ్బాలన్నీ వెనక్కి పోయాయి. ఎవరూ బలవంతం చేయలేదు. పక్కింటి యశోద మాత్రం రోజూ గ్లాసెడు కాకరకాయ రసం తెచ్చి, తాగేదాకా కదిలేది కాదు. అబద్ధానికి ఆ మాత్రం శిక్ష ఉండాల్సిందేనని రుక్మాబాయి ముక్కు మూసుకుని తాగేది.

పండగకు ఇంకా నాలుగు రోజులు ఉందనగా నేను కొబ్బరికాయలు దింపడానికి కార్ఖానాకు వెళ్లాను. ఈ ఏటికి అన్నిట్లో పెద్దదైన పదిహేనడుగుల బొమ్మకు కళ్లు తప్ప అన్నీ అయిపోయాయి. మండపం తరఫున పింటూ కలాకంద్ డబ్బాతో నిలబడ్డాడు. రుక్మాబాయి కొంగు బిగించి పరంజా మీద కాలు పెట్టబోయింది.

“ఆగు అక్కా. అంజన్ పెడ్తడు కండ్లు” అన్నాడు గుండయ్య.

“ఏంది? ఎందుకు?”

“నీకు షుగర్ అంట గదా. మా బాపుకు షుగర్‌తోనే చూపు పోయింది. గింత పెద్ద బొమ్మ, రేపు కన్ను వంకర పోతే లొల్లి అయితది.”

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. “నాకు షుగర్ లేదు గుండయ్యా. మిఠాయి పెడ్తరని అబద్ధం చెప్పిన.”

“లేదని అబద్ధం చెప్పెటోళ్లను చూసిన గని, ఉన్నదని చెప్పెటోళ్లను ఎక్కడ చూడలే” అన్నాడు అతను, నవ్వకుండా. పింటూ చేతిలోని డబ్బా తెరిచి ముందు పెట్టాడు. “నిజంగ లేకుంటే గీ ముక్క తిను. గప్పుడు ఎక్కు.”

అందరం ఆమె వైపే చూస్తున్నాం. ఆమె ముక్క చేతిలోకి తీసుకుంది. తినేసెయ్యమ్మా, పని దక్కుతుంది, ఒక్కటికేమవుతుంది అని నేనూ మనసులో అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అదే అనుకున్నాను. ఆమె దాన్ని ఒకసారి వాసన చూసి మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

“తింటే నువ్వు నమ్ముతవ్. కని ఒకటి తిన్నంక నేను ఆగను. నిరుడు చూసినవ్ గదా. ఒచ్చే ఏడు గీ పలక ఇరిగితే మల్ల కిందనే కూసుంటా. నీ ఫికర్ నా కండ్ల గురించే గదా?”

డబ్బా పక్కకు తిప్పింది. అక్కడ చీమ తలకాయలంత అంకెలున్నాయి. వాటిని గడగడా చదివింది. తయారైన తేదీ, తూకం, కింద వరుసలో పద్నాలుగు అంకెల నంబరు, ఒక్కటీ వదల్లేదు. గుండయ్య డబ్బా లాక్కుని, జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, ఒక్కో అంకె వేలితో సరిచూశాడు. చాలాసేపు పట్టింది.

“అన్నా, గంత పెద్ద కన్ను పెట్టాలంటే నా చెయ్యి వణుకుతది” అన్నాడు అంజన్ పక్కనుంచి, ఎవరూ అడగకుండానే.

గుండయ్య అద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఎక్కు అక్కా.”

ఆమె ఎక్కింది. పలక కిర్రుమనలేదు. నేను కొబ్బరికాయలు దింపడం మరిచి గంటసేపు అక్కడే నిలబడ్డాను. రెండో కనుపాప నల్లగా నిండేసరికి ఆ దేవుడు సూటిగా నన్నే చూస్తున్నట్టు అనిపించి దండం పెట్టాను.

కిందికి దిగాక పింటూ అలవాటు కొద్దీ డబ్బా ముందుకు చాపాడు. సగంలో ఆగి, ఏం చేయాలో తెలియక ఆమె ముఖం వైపు చూశాడు. ఆమె కొంగుతో చేతి రంగు తుడుచుకుంటూ, లోపలున్న కలాకంద్‌ను తనివితీరా చూసింది.

“ఒద్దు బిడ్డా. షుగర్ లేదు, ఏం లేదు. నాకు మస్తు ఇష్టం. గందుకే ఒద్దు.”

ఒక్కటికేమవుతుందని ఈసారి ఎవరూ అనలేదు. పింటూ డబ్బాకు మూత పెట్టేశాడు.