తోటవైపు కిటికీ

మా అత్తగారి గదికి తోటవైపు పెద్ద కిటికీ ఉండేది. ఒక ఏడు వచ్చిన పెద్ద తుపానుకి మా ఉద్దానం ఊళ్లలో అందరివీ పోయినట్టే మా కొబ్బరిచెట్లూ నేలకూలాయి. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ తన చేత్తో నీళ్లు పోసి పెంచిన చెట్లవి. తెల్లారి కిటికీలోంచి ఒక్కసారి చూసింది. ఆ వారమే మేస్త్రీని పిలిపించి, ఆ కిటికీని ఇటుకలతో మూయించేసింది.

గది చీకటైపోయింది. వానాకాలం గోడలు చెమ్మెక్కేవి. ఆవిడకి నిద్ర లేదు, దగ్గు వదలదు, అన్నం కాస్త కెలికి లేచిపోయేది. కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి, మా వైపు మనిషి నీరసిస్తే ముందు కిడ్నీల మీదికే పోతుంది మనసు. పలాస తీసుకెళ్లి పరీక్షలు చేయించాం. కిడ్నీలు బాగానే ఉన్నాయి, గాలీ వెలుతురూ తగిలేచోట ఉంచమన్నారు డాక్టరు. ఆవిడేమో ఆ గది వదలదు. మనిషి కళ్లముందే తరిగిపోతుంటే నాకు నిజంగా భయం వేసింది.

నాకసలే ఓపిక తక్కువ. చీకటి సంగతి నేనే తేలుస్తానని గోడలకి పసుపు రంగు వేయించాను, కొత్త లైట్లు పెట్టించాను. అదీ చాలక, గోడకి అంటించే కొబ్బరితోట బొమ్మ ఒకటి కాశీబుగ్గలో కొనుక్కొచ్చి సరిగ్గా ఆ ఇటుకల మీదే అతికించాను. మా ఆయన నవ్వారు. అత్తగారు మాత్రం మంచం మీంచి దాన్నే చాలాసేపు చూసింది.

"ఏటే ఈ సెట్లు, ఒక్కదానికీ కాయ నేదు," అంది.

"కాయలు కాసే సెట్లు కావాలంటే బయట తోటకేసి సూడు అత్తమ్మా. నీ కొడుకు మొక్కలేసి ఎన్నాళ్లయింది? ఒక్కసారి తొంగి సూసినావా?"

"నాను సూడలేను."

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "సెట్లే కదా పడిపోనాయి. నువ్వెందుకు పడిపోవాల?" అనేశాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. అనకూడనిది అన్నానేమోనని ఆ పూటంతా బెంగగానే ఉంది.

మర్నాడు పొద్దున్న ఆవిడే మేస్త్రీకి కబురు పెట్టమంది.

ఇటుకలతోపాటు నా బొమ్మా చిరిగి కింద పడింది. దుమ్ము తగ్గాక ఎండ తిన్నగా మంచం మీదికొచ్చింది, వెనకే సముద్రపు గాలి. ఆవిడ చట్రం పట్టుకుని నిలబడి చూస్తోంది. తోటలో మొక్కలు నడుమెత్తు దాటి ఆకులు విప్పాయి. మళ్లీ మూయించెయ్యమంటుందేమోనని మేస్త్రీని గబగబా పంపించేశాను.

"ఆ మూల మరీ దగ్గిరగా పాతీసినాడు మీ ఆయన. సెప్పినా ఇనడు," అంది చివరికి.

ఆవిడ విసుక్కుని ఎన్నాళ్లయిందో. నాకు నవ్వొచ్చింది.

"ఈ కిటికీకి గట్టి తలుపులెట్టించు. మొదటి గెల దిగినప్పుడు నాకు మంచం మీంచే కనపడాల."

కొబ్బరి కాపుకి రావాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు. కళ్లు తుడుచుకుని వడ్రంగికి ఫోన్ చేశాను.