కాషాయ బనియన్

యాభై నాలుగేళ్ల వయసులో కోరుట్ల నుంచి కొండగట్టు దాకా ఆగకుండా ఉరికానని మా పరుగు క్లబ్బులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు.

మారథాన్ జట్టులో ఒక్క చోటే మిగిలింది. ఆ దూరం పూర్తిచేస్తే అది నాదే. జగిత్యాల దాటాక పిక్కలు పట్టేశాయి. ఎవరూ చూడట్లేదు కదా అని బస్సెక్కాను. పక్క సీట్లో ముసలమ్మ నా చెమటనూ, క్లబ్బు వాళ్లిచ్చిన కాషాయ బనియన్‌నూ చూసింది.

"స్వామీ, నడిచొస్తనని అంజన్నకు మొక్కి బస్సెక్కినవా?"

"నేను స్వామిని కాదమ్మా. పరుగు పందేనికి ప్రాక్టీసు చేస్తున్న."

"ఏదన్న గానీ. ఉరుకుతనని ఒప్పుకున్నవా, లేదా?"

"ఒప్పుకున్న."

"మరి దిగు. ఓ కండక్టర్ బిడ్డా, బస్సాపు!"

బస్సంతా నవ్వుతుంటే దిగాను. ఆమె కిటికీలోంచి అరటిపండు అందించి, "ఎనకొచ్చే బస్సు గిట్ల ఎక్కేవు!" అని బెదిరించింది.

కుంటుకుంటూ గుట్ట కిందికి చేరాను. క్లబ్బువాళ్లు చప్పట్లు కొట్టి దండ వేశారు. జట్టులో చోటూ ఇచ్చారు. బస్సు సంగతి దాచేశాను. నడుమ కొంత దూరం బస్సుది, ఆ తర్వాతది ఆ ముసలమ్మది.

ఇప్పటికీ ప్రాక్టీసులో వెనక బస్సు హారన్ వినబడితే, తల తిప్పకుండా వేగం పెంచుతాను.