అడగకముందే కరిగిన ప్లాస్మా

ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో అందరూ ఆమెను తొందరక్క అంటారు. నిజానికి ఆమె పరుగెత్తగా చూసినవాళ్ళు లేరు. ఎవరూ అడక్కముందే పని ముగించుకుని కూర్చునే మనిషికి పరుగుతో పనేముంది?

ఆమెకో మొండి అలవాటుంది. పొద్దున్నే రాగానే, రాయిలా గడ్డకట్టిన ప్లాస్మా సంచులు నాలుగు తీసి గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో వేస్తుంది. కరగడానికి అరగంట పడుతుంది. ఎవరికీ అవసరం పడకపోతే కొన్నాళ్ళకు పారేయాల్సిందే. దాతలిచ్చింది మట్టిపాలు చేస్తోందని గిట్టనివాళ్ళు పెద్ద డాక్టరు చెవిలో ఊదారు. ఒకరోజు ఆయన ఆమెను పిలిచి, ఇకమీదట అడిగితేనే కరిగించమని తేల్చి చెప్పాడు. "సరే సార్" అని తలూపి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి నాలుగు సంచులూ నీళ్ళలో వేసింది. ఇలాంటి మనిషితో ఎవరు వేగగలరు చెప్పండి.

ఎనిమిదేళ్ళ కిందట లారీ గుద్దిన ఒకతనికి ఎర్రకణాల సంచులు పది వరసగా పంపింది ఆమే. నెత్తురు గడ్డకట్టించే సరుకు ప్లాస్మాలోనూ ప్లేట్‌లెట్లలోనూ ఉంటుంది. అవి అందక, ఎక్కించింది ఎక్కించినట్టే కారిపోయింది. ప్లాస్మా కరిగేసరికి అతను లేడు. ఆ అరగంట ఆమెను ఇప్పటికీ తినేస్తూనే ఉంది.

ఆ రోజే పదకొండింటికి ఫోన్ మోగింది. గోడలకు రంగులు వేసే అమ్మాయి మూడో అంతస్తు నుంచి పడింది, నడుం ఎముక విరిగి లోపల రక్తం ఆగడం లేదు. గ్రూపు తేలేదాకా ఆగే వీల్లేదు. తొందరక్క ఎవరికైనా సరిపడే ఓ నెగెటివ్ ఎర్రకణాలు నాలుగు, వాటికి సమంగా, అలాగే అందరికీ పనికొచ్చే ఏబీ ప్లాస్మా పొద్దున కరిగించినవి నాలుగు, ప్లేట్‌లెట్ల సంచి ఒకటి పెట్టెలో సర్ది నిమిషాల్లో పైకి పంపింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్ద డాక్టరు.

"వద్దన్నాను కదమ్మా."

"అన్నారు సార్. సంజాయిషీ తర్వాత రాసిస్తాను. ముందు ఇంకో నాలుగు కరగాలి."

ఆయన చొక్కా చేతులు మడుచుకుని తొట్టి దగ్గరికి వచ్చాడు.

సాయంత్రానికి నెత్తురు ఆగిందని కబురొచ్చింది. ఆమె స్టోరు గదిలోకి పోయి తలుపేసుకుని కరువుతీరా ఏడ్చింది. ఆ తర్వాత చెప్పినట్టే సంజాయిషీ రాసిచ్చి ఇంటికెళ్ళింది.

రోగుల మొహాలు చూడటం ఆమెకు అలవాటు లేదు. అయినా మూడో రోజు మనసు ఆగక మెట్లెక్కింది. మంచం పక్కన అమ్మాయి తల్లి కూర్చుని ఉంది.

"ఎవరు తల్లీ నువ్వు?"

"కింద గదిలో పనిచేస్తానమ్మా. ఊరికే, చూసిపోదామని."

ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడింది. "ఇంత చల్లగా ఉన్నాయేంటి నీ చేతులు?"

"ఫ్రిజ్‌లతో పనమ్మా."

తల్లి ఆ చేతిని తీసి, నిద్రపోతున్న కూతురి చేతి మీద పెట్టింది. "ఇక్కడ పెట్టుకో. మా పిల్లది వెచ్చగా ఉంది."